మడత కింద పన్నెండు పువ్వులు

మీతో ఒక మాట చెప్పాలి. పెళ్ళైన నాటి నుంచి దీన్ని మోస్తున్నాను. మరీ బస్తా బరువేమీ కాదు, చెప్పులో పడ్డ రాయంత. నడవనిస్తుంది, మరవనివ్వదు.

అంకెల వరస చూపిస్తే తర్వాతి అంకె ఇట్టే చెప్పేస్తానని మా బంధువుల్లో నాకు పేరు. ఆ పేరు నాది కాదు.

మాది ఆదోనిలో బట్టల అంగడి. మాటలు రాకముందే బేరం వచ్చిందని మా అమ్మ అనేది. పెళ్ళిచూపులకు ఎమ్మిగనూరు వెళ్ళాం. అమ్మాయి తండ్రి మగ్గం నేసే మనిషి. కట్నం ఊసెత్తలేదు, జీతం అడగలేదు. కూతురు నేసిన చీర తెచ్చి, కొంగు సగం మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇగో సూడప్పా. పూల వరసలు. రెండు, మూడు, అయిదు, ఎనిమిది. మడత కింద వరసలో ఎన్నుంటాయో సెప్పు."

నా బుర్ర ఎనిమిది దగ్గరే కూర్చుండిపోయింది. ఇంతలో తలుపు పక్క నుంచి ఆ అమ్మాయి ఒక్కసారి తొంగి చూసింది. ఓడిపోయి తిరిగి వెళ్ళగలనా? వెళ్ళలేను. అంగట్లో పుట్టినవాడి చేతికి బట్ట ఇస్తే బొటనవేలు దానంతటదే మడత కిందికి పోతుంది, నేత పరీక్షించడానికి. పోయింది. మడత కాస్త లేచింది. లెక్కపెట్టాను.

"పన్నెండు."

"అయ్యో, పదమూడప్పా! రెండూ మూడూ కలిపితే అయిదు. మూడూ అయిదూ ఎనిమిది. అయిదూ ఎనిమిదీ ఎంత?"

"విప్పి చూడండి మామా."

"అప్పుడే మామా అంటాండావా!" అని విప్పాడు. పన్నెండే. ముఖం మాడ్చుకుని లోపలున్న కూతుర్ని కేకేశాడు. "ఏమ్మే, ఒక పువ్వు మింగినావా?"

ధర ముందు చెప్పి కారణం తర్వాత వెతుక్కోవడం మా ఇంటి విద్య. నోరు దానంతటదే ఆడింది.

"మింగలేదు మామా. ముందు ఒకటి పెరిగింది, తర్వాత రెండు, తర్వాత మూడు. ఇప్పుడు నాలుగు పెరగల్ల. ఎనిమిదీ నాలుగూ పన్నెండే గదా?"

ఆయన వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. రెండోసారీ వేసుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "నా వరస నాకే నేర్పించినాడే ఈ ఆదోని అంగడోడు!" లోపల గాజులు గలగలమన్నాయి. ఆ ఇంట్లో అంత నవ్వు నేను మళ్ళీ వినలేదు, మా పెళ్ళిలో కూడా.

పెళ్ళయ్యాక ఆమె చెప్పింది. ఆ పువ్వు నిజంగానే మరిచిపోయిందట. అందరి ముందూ పరువు పోతుందని వణికిందట. "నా తప్పుకు కూడా ఒక లెక్క కనిపెట్టినాడు, అందుకే ఈయన్ని ఒప్పుకున్నా" అని ఇప్పటికీ ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెబుతుంది. చెప్పేటప్పుడు ఆమె కళ్ళు ఎట్లా మెరుస్తాయో మీరు చూడాలి. ఆ మెరుపు ఆర్పడం ఇష్టం లేకే దాచానా? లేక ఆ మెరుపులో నేను కాస్త ఎత్తుగా కనిపిస్తున్నాననా? రెండోదే ఎక్కువ. బేరగాణ్ణి, నా తూకం నాకు తెలుసు.

ఆమె మెచ్చిన లెక్క ముందు పుట్టలేదు. ముందు దొంగచూపు, దాని వెనక లెక్క. ఆమె ఒప్పుకున్నది నన్ను కాదేమో, నా బొటనవేలినేమో!

ఇది చదివితే నవ్వుతుందో, నాలుగు రోజులు మాట్లాడదో తెలియదు. ఏదైనా సరే, ఇందులో బేరం లేదు. మడత ఎత్తి చూశాను. చూసే చెప్పాను. అబ్బ, రాసేశాను!