అక్కకు దొరికిన మాట

ఒక ఉదయం మా దుకాణంలో కందులు తూకం వేస్తుండగా మా ఆయన కుడిచేయి పడిపోయింది. నన్ను పిలవబోయాడు. మూతి పక్కకు పోయింది, మాట రాలేదు. నారాయణఖేడ్ దవాఖానలో చూసి వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు.

అక్కడి డాక్టరమ్మ మెదడు స్కానింగు చూపిస్తూ ఓపిగ్గా చెప్పింది. అడుగున కాడలా ఉన్న భాగం ఊపిరినీ గుండెనూ నడుపుతుందట, దానికేమీ కాలేదు. నడకలో తూలిపోకుండా చూసే చిన్నమెదడు వెనకాల ఉంది, అదీ బాగుంది. దెబ్బ తగిలింది పెద్దమెదడులో ఎడమ సగానికి. కుడిచేతిని కదిలించేదీ, మాటను నోటిదాకా తెచ్చేదీ ఆ సగంలో ముందువైపు. విన్నదాన్ని అర్థం చేసుకునే చోటు కొంచెం వెనక, చెవి దగ్గర. అది మిగిలింది. మనం అనేది ఆయనకు తెలుస్తుంది, బదులు చెప్పడమే రాదు అంది.

ఇంటికొచ్చాక నేను పొద్దంతా మాట్లాడుతూనే ఉండేదాన్ని. ఆయన నా వైపు చూసి "ఊ" అనేవాడు, అంతే.

అప్పుడు కర్ణాటక సరిహద్దు దగ్గరి నాగల్‌గిద్ద నుంచి ఆయన అక్క వచ్చింది. వాళ్లు చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడుకున్నది కన్నడం. నాది సిర్గాపూర్, మా పుట్టింట్లో తెలుగే కనుక పెళ్లయ్యాక మా ఇంట్లో తెలుగే నడిచింది. వదిన మంచం పక్కన కూర్చుని కన్నడంలో ఏదో అడిగింది. ఆయన పెదవులు కదిలాయి.

"అక్కా, బా" అన్నాడు. రా అని పిలిచాడు.

వదిన ఏడ్చింది. నేను నవ్వాను, నవ్వాలి కనుక. ఒళ్లు తుడిచింది నేను, బట్టలు మార్చింది నేను, మాట అక్కకు. ఆ మధ్యాహ్నం అన్నం కలిపి తినిపిస్తుంటే "సాకు" అన్నాడు. చాలు అన్న ఆ మాట కూడా వదిన వైపు చూసే అన్నాడు.

కంది కోతలొచ్చి వదిన బస్సెక్కిన రోజు నా ప్రాణం తేలికపడింది. ఇక నాతోనే మాట్లాడతాడనుకున్నాను. ఆయన మళ్లీ "ఊ" దగ్గరికొచ్చాడు. తర్వాత అదీ లేదు, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మను అడిగేశాను.

"ఇన్నేండ్లు నాతోని మాట్లాడిన తెలుగు ఏడ పోయిందమ్మా?"

"ఎక్కడికీ పోలేదు, దారి తెగింది. కొందరికి చిన్నప్పటి భాష ముందు వస్తుంది, కొందరికి రోజూ మాట్లాడేది. ఎందుకో మేమూ కచ్చితంగా చెప్పలేం. వచ్చినదాన్ని ఆపకండి" అంది.

ఇంటికొచ్చి రెండు రోజులు ఫోను పట్టుకుని తిరిగాను. చివరికి చేశాను.

"వదినా, కోతలైనంక జర రా. నువ్వు లేకుంటే నోరు తెరుస్తలేడు."

"గిట్ల జెప్పనీకి గిన్ని దినాలా? రేపే వస్త" అంది.

ఈసారి వాళ్ల పక్కనే కూర్చున్నాను. వదిన కన్నడంలో అడిగి నాకు అర్థం చెబితే, నేను అదే తెలుగులో మళ్లీ అడిగేదాన్ని. కొన్ని వారాలకు తెలుగులో నీళ్లు, చాయ్, దుకాణం అన్నాడు. ఇప్పుడు రెండూ కలిపి చిన్న చిన్న మాటలు మాట్లాడుతున్నాడు. కోపమొస్తే నన్ను తెలుగులోనే తిడతాడు, అదొక సంతోషం.

ఊరెళ్లిపోయిన వదిన పొద్దున్నే ఫోన్ చేస్తుంది. కన్నడంలో నవ్వుకుంటారు. ఏమన్నదని అడిగితే ఆయన చేయి ఊపేస్తాడు. ఆ పూట చాయ్ ఆలస్యంగానే ఇస్తాను.