రాలేదు బాబాయ్

గ్యాస్ ప్లాంటు కడుతున్న ఆ సైటులో స్టోర్‌కీపర్‌ని అందరూ రాలేదు బాబాయ్ అంటారు. ఏ సామాను అడిగినా, కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆయన ముందు అనేది ఆ మాటే. పాపం, ఆయన తప్పేముంది? డ్రాయింగు మారితే పైపులు రావు. రేవులో ఓడకు చోటు దొరక్కపోతే రావు. తనిఖీ కాగితం మీద ఒక్క సంతకం తక్కువైనా రావు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన రాలేదన్నది నిజంగానే రాలేదు. అదే ఆయనకు కొండంత గర్వం.

ఇప్పుడు రానిది ఒక పెద్ద వాల్వు. అది లేక నలభై రోజులుగా లైను ఆగిపోయింది, వెల్డర్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. కొనుగోలు విభాగంలో అమ్మాయి మాత్రం వాల్వు సైటుకు చేరిందనే అంటోంది. లారీ చీటీ చూపించింది. ఒక్కసారి యార్డంతా వెతుకుదాం రమ్మని బతిమాలింది. బాబాయ్ రిజిస్టరు మూసేసి, రాలేదంటే రాలేదమ్మా అన్నాడు. ఆయన మాట ముందు ఆమె చీటీ చెల్లలేదు. పదకొండింటికి మీటింగు. అబద్ధం చెప్పిందని ఆమెను ఉద్యోగంలోంచి తీసేసే కాగితం కూడా సిద్ధమైందట.

పదింటికి గాలి లేచింది. వచ్చే ఏడాది దాకా అక్కర్లేని రెండో దశ సామాను యార్డు చివర పడేసి ఉంది. అక్కడ ఒక పెట్టె మీద టార్పాలిన్ ఎగిరిపోతుంటే బాబాయ్ కట్టడానికి వెళ్ళాడు. ముడి అడుగున బిగుసుకుపోయింది. ముసలి నడుము తిట్టుకుంటున్నా వినకుండా పూర్తిగా వంగి, తల కిందికి వేలాడేసి చూశాడు. పెట్టె మీది 6189 కాస్తా 6819 అయి కనిపించింది.

లారీ చీటీలో వాల్వు నంబరు అదే. టార్పాలిన్ లాగేశాడు. పైకి ఉండాల్సిన బాణం గుర్తు నేలకేసి చూస్తోంది. క్రేను డ్రైవరు పెట్టెను తలకిందులుగా దించాడు, బాబాయ్ ఆ తలకిందుల నంబరే రిజిస్టరులో ఎక్కించుకున్నాడు. ఆ నంబరు కూడా రెండో దశ జాబితాలో ఉండబట్టి అనుమానమే రాలేదు.

నిజం చెప్పాలంటే, ఆయనకు ముందు గుర్తొచ్చింది ఆ పిల్ల కాదు, తన పరువు. పరువంత పాడు జబ్బు ఇంకోటి లేదు. రిటైర్మెంటుకు మూడు నెలలే ఉంది. పెట్టె తిరగేయించి, ఈ రోజే వచ్చిందని రాసుకుంటే సరి. పని కదిలితే చాలు, తేదీ ఎవడడుగుతాడు? క్రేను డ్రైవరు కూడా అదే పసిగట్టి దగ్గరికొచ్చాడు.

"తిప్పేయమంటారా బాబాయ్?"

బాబాయ్ గడియారం చూసుకున్నాడు. పదకొండుకు ఐదు నిమిషాలు.

"వద్దు. అలాగే ఉండనీ. వాళ్ళొచ్చి చూడాలి."

మట్టికాళ్ళతోనే మీటింగు గదిలోకి వెళ్ళాడు. ఆ అమ్మాయి ముందు కాగితం ఉంది, చేతిలో పెన్ను ఉంది.

"వచ్చింది," అన్నాడు.

ఆ నోట ఆ మాట ఎప్పుడూ విననందుకేమో, ఎవరికీ అర్థం కాలేదు.

"వాల్వు వచ్చి నలభై రోజులైంది సార్. ఈ అమ్మాయి చెప్పింది నిజం. నేనే తలకిందులుగా చదివాను."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది.

"వెతుకుదాం రమ్మన్నాను కదా బాబాయ్," అంది మెల్లగా.

ఆయన తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళాడు. అక్కడి పట్టికలో ఓడ, డ్రాయింగు, సంతకం అంటూ ఒక్కో సామాను ఆలస్యానికి ఒక్కో కారణం రాసి ఉంది. వాల్వు ఎదుట మాత్రం ఆ అమ్మాయి పేరుంది. బాబాయ్ ఆ పేరు చెరిపేసి తన పేరు రాశాడు. ఆయన అసలు పేరు అదని ఆ గదిలో చాలామందికి అప్పుడే తెలిసింది.