సైరనమ్మ సెలవు రోజు

అక్క అంబులెన్స్ నడిపేది. తోటి డ్రైవర్లు ఆమెను సైరనమ్మ అనేవాళ్ళు. అక్క నవ్వేదీ కాదు, కోపగించుకునేదీ కాదు. రెండింటికీ ఓపిక ఉండేది కాదు. ఇంటికొచ్చి తలుపులన్నీ మూసుకున్నా చెవుల్లో ఆ కూత ఆగేది కాదట. కంటి మీద కునుకు పడేది కాదు.

ఆఖరికి ఒక సెలవు రోజున కారు అద్దెకు తెచ్చింది.

"హారన్ వినపడని చోటికి పోదాం రారా."

"డ్రైవరు వెళ్ళిన చోట హారన్ వినపడకుండా ఉంటుందా అక్కా?"

"నోర్మూసుకుని ఎక్కు."

ఊళ్ళు దాటి, తారురోడ్డు కూడా అయిపోయాక, సముద్రం ఒడ్డున పక్షుల కోసం వదిలేసిన ప్రాంతం వచ్చింది. గేటు దగ్గర గార్డు కారులోకి తొంగిచూశాడు.

"హారన్ మాత్రం కొట్టకండమ్మా. ఇసుకలోనే గుడ్లు పొదుగుతున్నాయి. పక్షులు బెదిరి లేచాయంటే కాకులు ఒక్క గుడ్డూ మిగల్చవు."

ఎన్నాళ్ళకో మంచిమాట విన్నట్టు తలూపింది అక్క.

పక్షుల్ని దూరం నుంచే చూస్తూ పోయాం. అలల అంచున తడి ఇసుకలో కారు ముందు చక్రాలు దిగబడ్డాయి. ఇంజిన్ రేస్ చేసినకొద్దీ ఇంకా కూరుకుపోయాయి. సముద్రం పోటెక్కుతోంది. ఫోన్లో సిగ్నల్ లేదు. నేను పక్క నుంచి హారన్ మీద చెయ్యి వెయ్యబోతే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"కారు మునుగుతుందక్కా!"

"మునగనీ. రోజంతా కూతపెట్టి జనాన్ని అదిలించేది చాలదా? వీటిని కూడా లేపమంటావా? కాళ్ళున్నాయిగా, వెళ్ళి పిలుచుకురా."

గొణుక్కుంటూ వెళ్ళాను. గార్డునీ, జీపునీ, తాడునీ వెంటబెట్టుకుని వచ్చేసరికి అక్క సీటు వెనక్కి వాల్చి, నోరు తెరిచి గురక పెడుతోంది. టైర్ల చుట్టూ నీళ్ళు.

గార్డు నీళ్ళ వంక చూసి, గొంతు తగ్గించి, "ఇంకాసేపు పర్వాలేదు," అన్నాడు. "ఆవిడ ఏం చేస్తుంటారు?"

"డ్రైవరు."

కూరుకుపోయిన చక్రాల్ని చూసి అతను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ కాసేపూ ఇద్దరం ఇసుక మీద కూర్చున్నాం. అక్క అంత ఆదమరిచి పడుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. మళ్ళీ అలా చూసిన రోజున అది నిద్ర కాదు.

నీళ్ళు తలుపు అంచుకు వస్తుంటే భుజం తట్టాను. ఉలిక్కిపడి లేచింది. ఆ కారులో లేని సైరన్ మీట కోసం చెయ్యి వెతికింది.

"ఎక్కడికి? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదక్కా. తాడు కడుతున్నాం. స్టీరింగ్ పట్టుకో."