మా ఊరి బూతులో నేను పెట్టించిన రూలు

ఈ పొద్దు మా ఊరి పక్కన ఆళ్లగడ్డలో టీ తాగకుండా, బస్సెక్కి నంద్యాల దాకా వచ్చి మీ మధ్యన కూచొని తాగుతాండానంటే, ఆడ నా మొగం చూపిచ్చుకునే పరిస్థితి లేదని అర్థం. నవ్వాకండి. చెప్తా వినండి.

ఈ ఎలక్షన్లో మా ఊరి బూతుకు మా పార్టీ ఏజెంటును నేనే. ఎస్సెల్సీ దాకా చదివినోడు, రూల్సు తెలిసినోడు అని మా క్యాండిడేటు ఏరికోరి నన్ను కూచోబెట్టినాడు. మీ పార్టీ సిద్ధాంతం ఏందని మాత్రం అడగాకండి. మా ఊర్లో పై వీధి ఒక పార్టీ, కింద వీధి ఒక పార్టీ. మా తాతలు బాయి నీళ్లకాడ కొట్లాడుకున్నారు. మేం అదే కొట్లాట జెండాలు పట్టుకొని చేస్తాండాం. దీన్ని ఇప్పుడు ప్రజాస్వామ్యం అంటాండారు.

అవతలి పార్టీ ఏజెంటు ఎవరనుకున్యారు? మా బామ్మర్ది శివారెడ్డి. నా భార్య రామలక్ష్మికి సొంత తమ్ముడు. నేను పిల్లను తెచ్చుకునింది కింద వీధి నుంచే లే.

పొద్దున్నే ఇస్కూల్లో బల్లలేసుకొని కూచున్నాం. పోలింగు ఆఫీసరు గుంటూరు పక్క ఆయన, మెత్తని మనిషి. పరదా వెనకాల క్యాండిడేటుకు ఒక పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు చీటీ తీసుకొని పోయి, తనకు నచ్చిన పెట్టెలో వేసి రావాల.

మొదట కింద వీధి ఆడోళ్లు గుంపుగా వచ్చినారు. ముందున్నామెను ఆఫీసరు అడిగినాడు.

"మీ ఆయన పేరేంటమ్మా?"

ఆమె నెత్తిన కొంగు ఇంకింత లాక్కొని, "మా పిల్లోళ్ల నాయన" అనింది.

ఆఫీసరు నవ్వి చీటీ ఇయ్యబోయినాడు. సరిగ్గా ఈడ నా తెలివి మేలుకునింది. మొగుని పేరు పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతాదని మా పక్క ఆడోళ్ల నమ్మకం. ప్రాణం పోయినా పలకరు. అంటే కింద వీధి ఆడోళ్ల ఓట్లన్నీ నా చేతిలో ఉన్నట్టే కదా.

లేచి నిలబడి, "సార్, అబ్జెక్షన్" అన్యా. "పిల్లోళ్ల నాయన అని లిస్టులో ఎవరూ లేరు. పేరు పలికితేనే చీటీ ఇయ్యాల. లేకుంటే ఈమె ఎవరని నమ్మేది?"

"ఏవండీ, మీ ఊరావిడ మీకు తెలీదా?"

"ఊర్లో తెలుసు సార్. బూతులో తెలీదు."

ఆ మాట నాకే ఎంత నచ్చిందో. మళ్లీ ఒకసారి అన్యా. శివారెడ్డి పండ్లు కొరికినాడు. ఆఫీసరుకు ఇంక తప్పలేదు. "అయితే రూలు అందరికీ ఒకటే" అన్నాడు. కింద వీధి ఆడోళ్లు వచ్చినోళ్లు వచ్చినట్టే తిరిగిపోతాంటే, నేను లోపల్లోపల మంత్రి పదవి దాకా పోయినా.

మధ్యాన్నం మా పై వీధి బండ్లు వచ్చి నిలబడినాయి. ముందు మా అమ్మ, వెనక రామలక్ష్మి, ఆ వెనక మా వీధి ఆడోళ్లంతా.

ఆఫీసరు మా అమ్మను కూడా అదే అడిగినాడు.

"ఆయప్ప పోయి చానా ఏండ్లయింది నాయనా" అనింది మా అమ్మ.

శివారెడ్డి లేచినాడు. "సార్, అబ్జెక్షన్. పేరు పలకాల."

"రేయ్, మీ అత్తరా ఆమె" అన్యా నేను.

"ఊర్లో అత్తే బావా. బూతులో తెలీదు."

మా అమ్మ నా పక్క తిరిగింది. "ఏందిరా ఇది? మీ నాయన బతికుండంగ పలకలేదు, ఇప్పుడు పలకాల్నా? ఈ రూలు పెట్టినోని నోరు పడిపోను."

ఆ పెట్టినోడు ఎవరో శివారెడ్డి సావకాశంగా వివరించినాడు. మా అమ్మ పోయి బండెక్కింది. ఆమె ఎక్కిందని మా వీధంతా ఎక్కింది.

రామలక్ష్మి ఒకతే మిగిలింది. ఆఫీసరు అడిగితే తల వంచుకొని, "అహోబిలంలో ఉండే సామి పేరే" అనింది.

"నరసింహమా?" అన్నాడు ఆ గుంటూరాయన. అహోబిలాన్ని మా పక్క ఓబుళం అంటాం, లిస్టులో నేను ఓబుళరెడ్డిని. "కాదమ్మా, ఇక్కడ వేరే ఉంది."

నేను దగ్గినా. కండ్లతో బతిమాలినా. ఆమె నన్ను చూసింది, తిరిగిపోయే బండ్లను చూసింది. కొంగు సర్దుకొని, బయట వరసలో ఉన్నోళ్లకు కూడా వినపడేట్టు, "ఓబుళరెడ్డి" అనింది.

ఇన్నేండ్ల కాపురంలో నా పేరు ఆమె నోట వినడం అదే మొదలు. నిజం చెప్తాండా, గుండె జల్లుమనింది. వేలికి ఇంకు పూయించుకొని, పరదా వెనక్కి పోయి వచ్చి, నా పక్క చూడకుండా వెళ్లిపోయింది. ఏ పెట్టెలో వేసిందో నాకు ఇప్పటికీ తెల్దు.

శివారెడ్డి ఊరుకున్యాడా? తన మనుషుల్ని కింద వీధికి తరిమినాడు. "శివారెడ్డి అక్కే పలికిందంట, మీకేం వచ్చె" అని ఇంటింటికీ చెప్పించినాడు. కాసేపటికి తిరిగిపోయినోళ్లంతా మళ్లీ వచ్చినారు. ఒకామె తర్వాత ఒకామె మొగుళ్ల పేర్లు బడిపిల్లోళ్ల మాదిరి గట్టిగా అప్పజెప్తాంటే, నేను కూచొని టిక్కులు పెట్టుకున్యా. మా వీధి బండ్లు మాత్రం మళ్లీ రాలా. మా అమ్మ రానియ్యలా.

సాయంత్రం ఇంటికి పోయి చెప్పులు ఇడిసినానో లేదో, లోపల్నించి మాట వచ్చింది.

"ఓబుళరెడ్డీ, నీళ్లు కాగినాయి, పోసుకో."

"ఏందే ఇది?"

"నువ్వే కదా పలకమనింది. ఒకసారి పలికితే ఎంత, పదిసార్లు పలికితే ఎంత? సబ్బు ఆడే ఉంది చూడు, ఓబుళరెడ్డీ."

మా అమ్మ వసారాలో కూచొని అంతా వింటాంది. కోడల్ని ఒక్క మాట అనలా. దాన్నిబట్టి నా పరిస్థితి అర్థం చేసుకోండి.

మొన్న ఓట్లు లెక్కపెట్టినారు. మా క్యాండిడేటు కొద్దిలో పోయినాడు. మా వీధి బండ్లలో ఉన్న ఓట్లు పడింటే గెలిచేటోడు. నిన్న ఆయన పనిచేసినోళ్లను పలకరిచ్చుకుంటా మా ఇంటికి వచ్చినాడు. నేను పెరట్లో ఎద్దులకు గడ్డి వేస్తాండా. వాకిట్లో నుంచి రామలక్ష్మి గొంతు వీధంతా వినపడింది.

"ఓబుళరెడ్డీ, ఎవరో ఓడిపోయినాయప్ప వచ్చినాడు, బేగా రా."

నేను చేతులు దులుపుకుంటా వచ్చి నిలబడినా. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, వెనక్కి తిరిగి జీపెక్కినాడు.

ఆయనకు డిపాజిట్టన్నా దక్కింది. మా ఇంట్లో నాకు అదీ దక్కలా.