అమ్మమ్మకు కుట్టించిన రవిక

అరవై దాటిన మా అమ్మమ్మకు మొదటి రవిక కుట్టించింది నేనే. ఏదో ఘనకార్యం చేసినట్టు అప్పట్లో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

పందొమ్మిది వందల అరవయ్యేడో, అరవయ్యెనిమిదో. నెల్లిమర్లలో పంతులమ్మగా చేరి, జూట్ మిల్లుకు దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అమ్మమ్మే. ఆమదాలవలస దగ్గర పల్లెలో ఒక్కతే ఉండేది. నా దగ్గరికొచ్చి, పోయేదాకా నాతోనే ఉండిపోవాలని ఆమె ఆశ. నాకూ అదే కావాలి. కాకపోతే నాకు పరువు కూడా కావాలి.

మా వైపు పల్లెల్లో వయసుమళ్ళిన ఆడవాళ్ళు అప్పట్లో రవిక తొడిగేవారు కాదు. నేత చీర చెంగు భుజం మీంచి తిప్పి బొడ్లో దోపుకుంటే అయిపోయేది. సంతకైనా పెళ్ళికైనా అలాగే వెళ్ళేవారు, ఎవరూ వింతగా చూసేవారు కాదు. ముసలామె రవిక తొడిగితేనే నవ్వేవారు. నేనేమో వాయిల్ చీరలూ పొట్టి చేతుల జాకెట్లూ మరిగి ఉన్నాను. గది అద్దెకిచ్చిన ఇంటావిడ ముందుకు అమ్మమ్మ ఆ భుజాలతో వస్తే నా తల ఎక్కడ పెట్టుకోవాలి?

సెలవుకు ఊరెళ్ళి, "రవిక తొడుక్కుంటేనే రా," అన్నాను మొహమ్మీదే.

"నాను కాపరానికొచ్చిన నాడే తొడగనేదు. ఈ వయసులో నాకేటే ఈ సోకు? ఊరు నవ్వుతాది."

"అయితే ఊళ్ళోనే ఉండు."

ఎంత తేలిగ్గా అనేశానో. ఆమె నా వెంట బయల్దేరింది. ఆమదాలవలస బజార్లో దర్జీ కొలతలు తీస్తున్నంతసేపూ గోడవైపు చూస్తూ నిలబడింది. తెల్లవి రెండు కుట్టించాను.

నెల్లిమర్లలో నాలుగు రోజులుంది. మంచి ఎండలు. చంకల కింద ఒరుసుకుపోయి పొక్కింది. నేను బడికి వెళ్ళగానే విప్పేసి, వచ్చే వేళకి మళ్ళీ తొడుక్కుంటోందని ఇంటావిడే చెప్పింది. "పెద్దావిడని ఎందుకమ్మా అలా బాధపెడతావు?" అని నన్ను మందలించింది. ఎవరికోసం ఇదంతా చేశానో ఆవిడకే పట్టలేదు. నాకు ఒళ్ళు మండింది, అమ్మమ్మ మీదే విసుక్కున్నాను.

మర్నాడు పొద్దున్న అమ్మమ్మ సంచీ సర్దుకుంది.

"ఇది తొడిగితే నాకు సిగ్గేస్తన్నాది. తీస్తే నీకు సిగ్గేస్తన్నాది. నానెల్తాను," అంది.

ఆపి ఉండాల్సింది. ఆపలేదు. ప్యాసింజరు ఎక్కించి, హమ్మయ్య అనుకుంటూ తిరిగొచ్చాను. ఆ హమ్మయ్య గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమె మళ్ళీ రాలేదు. ఆ వానాకాలం జ్వరంతో మంచం పట్టిందని కబురొస్తే నేనే వెళ్ళాను. నులకమంచం మీద పడుకుని, పక్కింటి ముసలామెతో మాట్లాడుతోంది. చెంగు జారిపోయి ఉంది, ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు. ఇంతలో గుమ్మంలో నన్ను చూసింది. లేచే ఓపిక లేదు, అయినా గబగబా చెంగు లాక్కుని భుజాలు రెండూ మెడదాకా కప్పుకుంది.

"రవిక ఉతికీసినాను. వానకి ఆరనేదు," అంది, నేనేమీ అడక్కముందే.

నన్ను మోసి పెంచిన భుజాలవి. ఊరందరిలోనూ నా ఒక్కదాని ముందే దాచుకుంది.