ఎండనివ్వకూడని బల్ల: దాచేపల్లి నుంచి గుంటూరు దాకా

ఈ వేసవిలో పల్నాడు వైపు వెళ్తున్నామని, ఆ రోడ్డు సంగతులు చెప్పమని మా మనవరాలి స్నేహితులు అడిగారు. ఇప్పటి బస్సుల గురించి నన్నడిగితే నేనేం చెప్తాను? నాకు తెలిసిన ప్రయాణం ఒక్కటే. అరవయ్యో దశకం మొదట్లో, మండుటెండలో, నేనూ మా ఆయనా ఒక గుండ్రటి చెక్కబల్లను మోసుకుని దాచేపల్లి నుంచి గుంటూరు వచ్చాం. దారి పొడుగునా నా గుండె గుప్పిట్లో పెట్టుకునే కూర్చున్నాను. ఇన్నేళ్ళయినా వేపకొమ్మ వాసన వస్తే నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

మా ఆయన దేవసహాయం గుంటూరులో ఒక పొగాకు కంపెనీ క్లబ్బులో రోజుకూలీకి పనిచేసేవాడు. అక్కడ దొరలు డార్ట్స్ ఆడేవాళ్ళు. గోడకు తగిలించిన గుండ్రటి బల్ల మీదికి చిన్న ఇత్తడి బాణాలు విసిరే ఆట అది. లెక్కలు సుద్దతో రాయడం, రాత్రి బల్లను నీళ్ళతొట్లో నానబెట్టడం ఈయన పని. ఒకరోజు జతగాడు రాక ఒక దొర ఈయన చేతికి బాణాలిచ్చాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ క్లబ్బులో ఈయన్ను ఓడించేవాడు లేడు. బయటి ఊళ్ళవాళ్ళను కూడా పిలిచి క్లబ్బు ఏటా పెట్టే పోటీని ఆ ఏడు చూడ్డానికి మద్రాసు నుంచి ఒక కంపెనీ ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. వాళ్ళు తమ జట్టు కోసం ఆటగాళ్ళను నెల జీతానికి పెట్టుకుంటారట, గెలిచినవాణ్ణి వెంట తీసుకుపోతాడట. ఆడినందుకు జీతమేమిటని మా అత్తగారు నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను మిషను బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. ఈయనకు పని లేని రోజున మా ఇంట్లో నా జీతమే ఆధారం.

సరిగ్గా పోటీ ముందే క్లబ్బు బల్ల నిలువునా పగిలింది. ఈయన జ్వరంతో ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని నానబెట్టడం ఎవరికీ గుర్తులేదు. ఆ బల్ల ఎల్మ్ అనే సీమ చెట్టు మానును అడ్డంగా కోసి చేసింది. తడిగా ఉంటేనే బాణం దిగుతుంది, లాగాక చిల్లు పూడుకుంటుంది. ఎండిందంటే బీటలే. అలాంటి బల్ల ఈ చుట్టుపట్ల ఇంకొకటే ఉంది, దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీ వాళ్ళ క్లబ్బులో. శనివారం సాయంత్రం అయిదింటికి గోడ మీద బల్ల లేకపోతే పోటీ లేదు, ఆఫీసరు మద్రాసు రైలెక్కేస్తాడు. క్లబ్బు వాళ్ళు ఉత్తరం రాసిచ్చి, తెచ్చుకుంటే తెచ్చుకోమన్నారు. జ్వరం తగ్గి రెండు రోజులు కాని మనిషిని ఒంటరిగా ఎలా పంపను? బడికి సెలవు చెప్పి నేనూ బయలుదేరాను.

శుక్రవారం మాచర్ల రైలెక్కి నడికుడిలో దిగి, ఆ రాత్రి అక్కడి పాస్టరుగారింట్లో పడుకున్నాం. పొద్దున్నే బల్ల తీసుకుని ఎనిమిదింటి రైలుకు తిరిగి రావాలని మా లెక్క. క్వారీ క్లబ్బు తాళాలున్న గుమస్తా తీరిగ్గా కాఫీ తాగి వచ్చేసరికి రైలు కాస్తా వెళ్ళిపోయింది. ఆయన తొట్లోంచి బల్లను పైకి తీసి, జాగ్రత్తమ్మా, ఈ ఎండకు గంటసేపు తడి లేకపోతే నేను హామీ ఇవ్వలేను అన్నాడు. ఆలస్యం చేసిన పెద్దమనిషి జాగ్రత్తలు కూడా చెప్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళు బిగబట్టుకుని, బల్లను తడి గోతంలో చుట్టించి బస్సు దగ్గరికి పరిగెత్తాను.

గుంటూరుకు ఇద్దరికీ కలిపి మూడు రూపాయల లోపే టిక్కెట్టు. గోతం నుంచి కారే నీళ్ళు చూసి కండక్టరు ససేమిరా అన్నాడు. చేసేది లేక నా సంచిలోని పాత మంగళగిరి చీర తీసి గోతం మీద చుట్టాను. పసుపుపచ్చది, ఎర్రంచు. అప్పుడు ఎక్కనిచ్చాడు. పిడుగురాళ్ళ హోటల్లో ఇడ్లీ తిని, చెంబుడు నీళ్ళు అడిగి బల్ల తడిపాం. అక్కడి నుంచి అరగంట పోయామో లేదో బస్సు గట్టిగా ఓ మూలుగు మూలిగి రోడ్డు పక్కన ఆగిపోయింది. డ్రైవరు కిందికి దూరి చూసి, ఇక ఇవాళ ఇది కదలదని తేల్చేశాడు. పావుకోసు దూరంలో ఊరుందనీ, అక్కడి నుంచి మిరపకాయల లారీలు గుంటూరు పోతుంటాయనీ చెప్పాడు. వేపకొమ్మలు కప్పితే చెక్క చల్లగా ఉంటుందని ఆయనే రెండు కొమ్మలు విరిచి ఇచ్చాడు. పాపం, మంచికే ఇచ్చాడు.

రెండువైపులా పత్తి తీసేసిన నల్లరేగడి, నెర్రెలిచ్చిన చేలు. మా ఆయన బల్లను నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తున్నాడు. నాలుగడుగులు వేయగానే చెప్పు ఉంగటం తెగింది. చెప్పులు రెండూ విప్పి నాకిచ్చి, కాలే రోడ్డు మీద వట్టికాళ్ళతోనే నడిచాడు. నేను మాటిమాటికీ చెయ్యెత్తి చీర తడిమి చూస్తున్నాను. అంచులు అప్పుడే ఆరిపోయి గరగరలాడుతున్నాయి. పగిలిన చప్పుడేమైనా వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించుకుని నడిచాను.

ఊరి మొదట్లో ఆడవాళ్ళు బిందెలతో బారులు తీరి ఉన్నారు. మమ్మల్ని చూడగానే గబగబా ఎదురొచ్చారు. ఏమిటో అర్థమయ్యేలోపలే ఒక ముసలామె మా ఆయన ముందు వంగి, కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి, లేచి బిందెడు నీళ్ళూ బల్ల మీద వారబోసింది. వెనకాలే ఇంకొకామె, ఆ వెనకాల మరొకామె. అమ్మా, కరుణించు తల్లీ, వాన పంపు తల్లీ అంటున్నారు. వానల కోసం పక్కూరి నుంచి అమ్మవారిని ఊరూరా తిప్పుతున్నారని, ఆ రోజు వీళ్ళ ఊరి వంతని మాకు తర్వాత తెలిసింది. పసుపు చీర, వేపకొమ్మలు, వట్టికాళ్ళు, నెత్తిన గుండ్రటి మూట. వాళ్ళ తప్పేముంది?

మేం మిషను వాళ్ళం. మా తాతల కాలంలో ఇలాంటి ఊళ్ళో బావి దగ్గరికి కూడా మావాళ్ళను రానిచ్చేవారు కాదు. ఇప్పుడు వాళ్ళ అమ్మవారి పేరున మా నెత్తి మీద నీళ్ళు పోయించుకున్నామని తెలిస్తే ప్రాణాలతో పోనిస్తారా? బల్ల నిండా తడిసింది, మనకు కావలసింది అదే కదా, నోరు మూసుకుని నడవండి అని వెనక నుంచి ఆయన చొక్కా లాగాను. ఆయన కదల్లేదు. బల్లను కిందికి దించి, రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, ముసలామె ముఖంలోకి చూశాడు.

"పెద్దమ్మా, ఇది అమ్మవారు కాదు. ఆటబల్ల. మేం గుంటూరు మిషను వాళ్ళం. నీళ్ళు పోసేదాకా నాకు తెలియలేదు."

అరుగు మీద కూర్చున్న మగవాళ్ళు ఇద్దరు లేచి నిలబడ్డారు. నేను ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మాటలు మరిచిపోయాను. ముసలామె చీర పక్కకు తొలగించి చెక్క మీద వేళ్ళతో కొట్టి చూసింది. తర్వాత ఎత్తుకుంది, తిట్లు. కోసెడు దూరం నడిచి చెలమలో తోడుకొచ్చిన నీళ్ళనీ, ఇంట్లో కోడలు తాగడానికి దాచిన బిందె కూడా ఇదేననీ, కళ్ళు కనపడని ముండను చేశారనీ గొంతు చించుకుంది. ఈయన తలవంచుకుని అన్నీ పడ్డాడు. అరుస్తూ అరుస్తూనే, ఆ ఆట ఎందుకురా అనడిగింది. గెలిస్తే ఉద్యోగమని చెప్పాడు. ఓడితే అనడిగింది. ఈయన నా వైపు చూశాడు.

ఆమె అరుగు మీది వాళ్ళకేసి తిరిగి, కూర్చోండిరా అంది. తర్వాత మా ఆయన వైపు వేలు చూపించింది.

"నా బిందె నీళ్ళు పోయించుకుని ఓడిపోయి ఈ దారంట వచ్చావో, కాళ్ళిరగ్గొడతా."

ఆ ఊళ్ళోనే మిరపకాయల లారీ దొరికింది. మనిషికి అర్ధరూపాయి. ఒక్క చుక్క పడినా బస్తా బూజు పడుతుందని, గుంటూరు కొట్లో ధర పోతుందని డ్రైవరు గోల పెడితే, బల్లను నా ఒళ్ళో పెట్టుకుని కారే నీళ్ళన్నీ నా చీరలోకే పట్టాను. బస్తాల మీద ఘాటుకు తుమ్ములు, దగ్గు, కళ్ళవెంట ధారలు. చేతికి కారం అంటితే ఆ చేత్తో కళ్ళు నులుముకుంటాడేమోనని నాకు కొత్త భయం పట్టుకుంది. ఆయన్ను చేతులు రెండూ చంకల్లో దూర్చుకు కూర్చోమన్నాను. సత్తెనపల్లి దాటి గుంటూరు చేరేదాకా బుద్ధిమంతుడిలా అలాగే కూర్చున్నాడు.

నాలుగున్నరకు క్లబ్బులో అడుగుపెట్టాం. గోతం విప్పితే బల్ల చెక్కుచెదరలేదు గాని, సగం పచ్చగా ఉంది. ఎంత తుడిచినా పసుపు పోలేదు. ఆడవాళ్ళను లోపలికి రానివ్వరు కనుక నేను వరండా కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆఖరి ఆట బెజవాడ నుంచి వచ్చిన ఇంజను డ్రైవరుతో పడింది. అతను మద్రాసు, ఖరగ్‌పూరు దాకా వెళ్ళి పోటీలు గెలిచినవాడు. మఖమలు పెట్టెలో సొంత బాణాలు తెచ్చుకున్నాడు. విసిరే ముందు ఊపిరి బిగబట్టి, విసిరాక బల్లవైపు చూడకుండా మీసం సవరించుకునేవాడు. అతన్ని చూస్తుంటేనే నాకు చెమటలు పట్టాయి.

ఆట మూడొందల ఒకటితో మొదలవుతుంది. కొట్టిన అంకెలు తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకు రావాలి, ఆఖరి బాణం అంచునున్న సన్నటి గడిలో పడాలి. ఆ గడిలో అంకె రెట్టింపు. మా ఆయనకు ముప్ఫయ్ రెండు మిగిలింది. పదహారు గడి అంచున ఒక్క బాణం దిగితే మద్రాసు. మొదటిది గీత బయట పడింది. రెండోది లోపల పడి, పదహారు పోయి పదహారు మిగిలింది. ఇక ఎనిమిది అంచు కొట్టాలి. మూడో బాణం సూటిగానే వెళ్ళింది, నా కళ్ళతో చూశాను. గడుల మధ్య బిగించిన ఇనపతీగకు టంగున తగిలి కింద పడింది. తర్వాత ఆ డ్రైవరు ఒకే బాణంతో ముగించేశాడు. మా ఆయన అతనికి చెయ్యి కలిపి, అలవాటు కొద్దీ సుద్ద తుడిచి, బల్ల తీసుకుపోయి తొట్లో నానబెట్టాడు. నేను వరండాలో కూలబడి ఏడ్చాను.

సోమవారం బల్లను తిరిగి ఇచ్చిరావాలి. హాయిగా రైల్లో పోదామన్నాను. ఆయన క్లబ్బులో పాల క్యాను అడిగి తెచ్చి, మునిసిపల్ పంపు దగ్గర నిండా నీళ్ళు పట్టి మూత బిగించాడు. ఎందుకని అడగలేదు, నాకు తెలుసు. కాళ్ళిరగ్గొడతానందండీ అని మాత్రం అన్నాను. ఇరగ్గొట్టనీ రత్నం అన్నాడు. నీళ్ళకు సామాను టిక్కెట్టు కొట్టిన కండక్టరుతో సత్తెనపల్లి దాకా నేను పోట్లాడుతూనే ఉన్నాను. భయమేస్తే నాకు నోరు ఆగదు.

ముసలామె వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. మమ్మల్ని గుర్తుపట్టి, గెలిచావా అంది.

"లేదు పెద్దమ్మా. తీగకు తగిలి పడింది."

ఆయన క్యాను ఆమె ముందు పెట్టి నిలబడ్డాడు. ఆమె మూత తీసి, దోసిట్లో పోసుకుని తాగి, గుంటూరు నీళ్ళు చప్పిడి అంది. కోడల్ని పిలిచి బిందెలోకి ఒంపించింది. ఆఖరున చెంబుడు నీళ్ళు మిగిల్చి, బల్లను విప్పమంది. ఈసారి వేపకొమ్మల్లేవు, పసుపు చీరా లేదు. చెంబు ఎత్తి బల్లంతా తడిసేలా నెమ్మదిగా పోసింది.

"మొన్న అమ్మవారనుకుని పోశా. ఇయ్యాళ నీకే పోస్తున్నా. ఎండనీయమాక."

ఆ తర్వాత ఆ పోటీ జరగలేదు. దొరలు వెళ్ళిపోయారు, క్లబ్బు మూతపడింది. మా ఆయన మిషను బడిలో అటెండరయ్యాడు. పెరట్లో తుమ్మమొద్దు కోసి బల్ల చేసుకుని, రోజూ నీళ్ళు పోసి, చివరిదాకా ఆడుతూనే ఉన్నాడు. తుమ్మకు అంత తడి అవసరం లేదండీ అంటే వినేవాడు కాదు. ఆ ప్రయాణంలో నేను పడిన భయాల్లో నిజమైంది ఒక్కటే, ఓడిపోతాడేమో అన్నది. మిగతావన్నీ ఊరికే పడ్డాను. అయినా మళ్ళీ వెళ్ళమన్నా అంత భయంగానే వెళ్తాను. నా స్వభావం అది.

మీకు ఒక్కటే చెప్తాను. వేసవిలో పిడుగురాళ్ళ దాటి వెళ్తుంటే నీళ్ళు రెండు సీసాలు పెట్టుకోండి. ఒకటి మీకు.