పావుగంటలో వస్తానని పంజాగుట్ట వెళ్ళాను

ఒక చలికాలపు ఆదివారం నాడు నేను చేసిన నిర్వాకానికి రాజమండ్రిలో ఒక ఇంటికి హడావుడిగా తాళం పడింది, పంజాగుట్టలో ఒక ట్రావెల్స్ యజమానికి తన వ్యాపారం మీదే విరక్తి పుట్టింది, ఒక హెడ్ కానిస్టేబుల్ గారి టీ గ్లాసులోనే చల్లారిపోయింది. నా పరువు సంగతి ఇందులో కలపడం లేదు. మీరు చదువుతూ నవ్వుకోవచ్చు. నాకు మాత్రం దీనికి నవ్వు రావడానికి ఏడేళ్ళు పట్టింది.

అప్పట్లో హైదరాబాద్ అంతా కంప్యూటర్ ఊపు మీద ఉండేది. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, దాని మీద ఏదో ఒక కోర్సు బోర్డు వేలాడేది. నేనూ రాజమండ్రి నుంచి వచ్చి, ఆ బోర్డుల్లో ఒకదాని కింద ఆరు నెలలు కూర్చుని, పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో టెస్టర్‌గా చేరాను. టెస్టరంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. పొద్దస్తమానం ఇతరుల తప్పులు పట్టుకునే మనిషికి తన తప్పులు పట్టుకునే తీరిక ఎక్కడుంటుంది చెప్పండి?

పైగా నాకు పుట్టుకతో కుదురు లేదు. కూర్చుంటే కాలు ఊపుతాను. నిలబడితే ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి బరువు మారుస్తాను. బస్‌స్టాపులో బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే వెనక స్టాపులో ఎక్కుదామని నడుస్తాను; సగం దారిలో ఉండగా ఆ బస్సు నన్ను దాటుకుని పోతుంది. మా ఇల్లుగలావిడ లక్ష్మక్క నన్ను చూసి, "నీ కాళ్ళల్ల మిషన్ మోటర్ పెట్టిన్రా ప్రభమ్మా?" అనేది. లక్ష్మక్కది పోచంపల్లి. అమీర్‌పేటలో మా మేడ మీద గది కింద జాకెట్లు కుట్టే దుకాణం నడిపేది.

ఉష నాకు పూర్తిగా ఎదురు. డిగ్రీలో నా బెంచీ. రాజమండ్రిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. ఇల్లు కదిలిపోతున్నా చేతిలో కాఫీ పూర్తి చేసి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు లేచే రకం. ఆ డిసెంబరులో ఫోన్ చేసింది.

"మార్చిలో నా పెళ్ళి కదే. ఆ తర్వాత ఇలా తిరగడం ఎప్పటికి కుదురుతుందో. సోమవారం సెలవు పెట్టి శనివారం పొద్దున్న దిగుతాను. మనిద్దరం కలిసి చార్మినార్ దగ్గర గాజులు కొనుక్కుందాం. అంతే, ఇంకేం వద్దు."

"గాజులేంటే పిచ్చిదానా! ఊరంతా చూపిస్తాను. నాకు ఈ ఊరు కొట్టినపిండి."

మీ దగ్గర దాచడం దేనికి? నాకు తెలిసిన హైదరాబాద్ అమీర్‌పేటలో మొదలై పంజాగుట్ట చౌరస్తాలో అయిపోయేది. మూడేళ్ళుగా చార్మినార్‌ను నేను క్యాలెండర్లో తప్ప చూడలేదు. వెళ్దామని ప్రతి ఆదివారం అనుకోవడం, ఎటు నుంచి వెళితే మంచిదా అని ఆలోచిస్తూ ఉండగానే సాయంత్రం కావడం. అంచేత ఉష వస్తుందనగానే ఆఫీసు కంప్యూటర్లో గళ్ళ పట్టిక ఒకటి తెరిచాను. రెండున్నర రోజులు, పంతొమ్మిది స్థలాలు. గోల్కొండకు గంటా పది నిమిషాలు. ట్యాంక్‌బండ్ మీద చల్లగాలికి పన్నెండు నిమిషాలు. చార్మినార్ దగ్గర గాజులకు తొమ్మిది నిమిషాలు. మా టీమ్ లీడర్ వెనక నుంచి చూసి, కొత్త ప్రాజెక్టు కాబోలనుకుని మెచ్చుకున్నాడు కూడా.

శనివారం రైలు రెండు గంటలు ఆలస్యం. ఉష స్వెటర్ వేసుకుని, చలికి ఎర్రబడ్డ ముక్కుతో నవ్వుతూ దిగింది. నేను ఆమె మొహం చూడలేదు, వాచీ చూశాను. గోల్కొండ పోయింది! గోల్కొండ పోతే దాని వెనక గడులన్నీ జరగాలి కదా.

"ఉషా, టిఫిన్ చేసెయ్. ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి ప్లాన్ సరిచేసి బయలుదేరిపోదాం. పది నిమిషాలు."

ఇంటర్నెట్ సెంటర్‌లో రెండో వెర్షన్ తయారైంది. బయటికొచ్చాక అందులో రెండుచోట్ల భోజనం పడిందని కనిపెట్టాను. టెస్టర్ని కదా! మళ్ళీ లోపలికి. ఈలోగా కరెంటు పోయింది. కరెంటు వచ్చేసరికి మధ్యాహ్నం గడులు గడిచిపోయాయి. మూడో వెర్షన్ ప్రింటు తీసి జిరాక్స్ చేయించాను, చెరొకటి ఉండాలని.

ఉష ఆ కాగితం చూసింది, ఆకాశం చూసింది. "ప్రభా, చీకటి పడుతోందే. బయటికి వెళ్దామా?"

"ఇదిగో, ఈ ఒక్క గడి..."

ఆ విధంగా ఉష మొదటి రోజు హైదరాబాద్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్, ఒక జిరాక్స్ షాపు, ఒక ఆంధ్రా మెస్సు దర్శించుకుంది. పాపం, "మెస్సులో గోంగూర బాగుంది," అంది.

ఆదివారం ఇలా జరగకూడదని తీర్మానించుకున్నాను. బస్సులు నమ్ముకుంటే లాభం లేదు, కారు మాట్లాడాలి. తొమ్మిదింటికి చెప్పులు వేసుకున్నాను. "నువ్వు జడ వేసుకుని గుమ్మంలో రెడీగా ఉండు. పంజాగుట్ట వెళ్ళి కారు తీసుకుని పావుగంటలో వస్తాను."

"నేనూ రానా?"

"వద్దు, నువ్వు నెమ్మది. ఆలస్యమైపోతుంది."

ఈ మాట నేనే అన్నాను. గుర్తుపెట్టుకోండి.

ట్రావెల్స్ యజమాని మంచివాడు. కుర్చీ వేశాడు, చాయ్ ఇచ్చాడు. నేను మూడో వెర్షన్ ఆయన టేబుల్ మీద పరిచాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివాడు.

"మేడం, గోల్కొండ సూసి అటే చార్మినార్ పోతే సక్కగ అయితది. మీరు రాసినట్టు పోతే గీ పంజాగుట్టనే నాలుగుసార్లు దాటాలె."

"అయితే మార్చుదాం."

మార్చాం. మార్చాక ట్యాంక్‌బండ్ మిట్టమధ్యాహ్నం ఎండలో పడింది. మళ్ళీ మార్చాం. ఈసారి భోజనం ఎగిరిపోయింది. కారు డ్రైవరు వచ్చి తన సలహా చెప్పాడు. పక్క కొట్లో టైరు మార్చించుకోవడానికి వచ్చిన ఇంకెవరో ఆయన తన సలహా చెప్పాడు. నేను పక్క వీధిలో ఇంటర్నెట్ సెంటర్‌కు పరుగెత్తి నాలుగో వెర్షన్ కొట్టించుకుని వచ్చేసరికి డ్రైవరు, కారు రెండూ లేవు.

యజమాని చేతులు జోడించాడు. "మేడం, పన్నెండున్నర అయింది. గా బండి పెళ్ళికి పోయింది. మీరు జర ఇంటికి పోయి నిమ్మళంగ ఆలోచన చేసుకోన్రి."

పన్నెండున్నరా!

ఆటోలో ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట. గదికి తాళం. కింద లక్ష్మక్క దుకాణానికీ తాళం. ఆదివారం కదా, బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోయి ఉంటుందనుకున్నాను. మా తలుపు గడియకు మాత్రం నా మూడో వెర్షన్ కాగితం గుచ్చి ఉంది. పాత వెర్షన్ ఇంకా వాడుకలో ఉంటే ఎంత గందరగోళం! లాగి నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశాను. నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను. ఉష పెట్టె ఉంది. ఉష లేదు.

నన్ను వెతకడానికి పంజాగుట్ట వచ్చి తప్పిపోయి ఉంటుంది. ఆమెకు హిందీ రాదు. ఎవరైనా దారి అడిగితే అడిగినవాళ్ళతోనే వెళ్ళిపోయేంత మంచిది. నేను అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు, పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు రెండుసార్లు నడిచాను. స్వెటర్ వేసుకున్న ప్రతి అమ్మాయి మొహంలోకీ తొంగి చూశాను. చివరికి పోలీస్ స్టేషన్ మెట్లెక్కాను. హెడ్ కానిస్టేబుల్ గారు అప్పుడే టీ గ్లాసు నోటి దాకా తెచ్చుకున్నారు.

"నా ఫ్రెండ్ తప్పిపోయింది సార్!"

గ్లాసు దించి కాగితం తీశారు. "వయసెంత? చిన్నపాపనా?"

"ఇరవై ఆరు సార్. లెక్చరర్."

"ఏం చెప్తది?"

"లెక్కలు."

పెన్ను ఆగింది. "ఎప్పటిసంది కనబడ్తలేదు?"

"ఒంటిగంట నుంచి సార్. పావుగంటలో వస్తానని చెప్పి తొమ్మిదింటికి వెళ్ళాను. ఒంటిగంటకు వచ్చాను. అప్పటికే లేదు."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "గట్లయితే తప్పిపోయింది ఆమె కాదమ్మా, మీరు. కంప్లయింట్ ఆమె ఇయ్యాలె."

"సార్!"

"ఫికర్ చెయ్యకున్రి. సదువుకున్న మనిషి, యాడికో తిరగనీకె పోయి ఉంటది. పొద్దుమూకే దాంక సూడున్రి. రాకుంటే మళ్ళ రండ్రి, రాసుకుంటం."

బుద్ధున్న మనిషైతే ఇంటికి వెళ్ళి కూర్చునేది. నాకు కూర్చోవడం రాదని ముందే చెప్పాను కదా. స్టేషన్ ఎదురుగా ఎస్‌టీడీ బూత్ కనిపించింది. అక్కడ ఆ బూత్ లేకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"బాబాయిగారూ, నేను ప్రభని. ఉష ఇంటికేమైనా వచ్చిందాండీ?"

రాజమండ్రిలో ఫోన్ ఎత్తింది ఉష నాన్నగారు. "అదేంటమ్మా? నీ దగ్గరికే కదా వచ్చింది?"

"అవునండీ. మీరు మాత్రం కంగారు పడకండి. పోలీసులకు చెప్పాను."

అటునుంచి రిసీవర్ కిందపడిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఎవరో ఆడమనిషి "అయ్యో నా తల్లీ" అన్న కేక. తర్వాత లైను కట్.

ఐదింటికి గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాను. సందు మొదట్లో గాజుల గలగల వినిపించింది. తలెత్తితే ఉష! రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు, నోట్లో మిఠాయి పాన్. పక్కన లక్ష్మక్క.

"ఎక్కడికి పోయావే పొద్దున్నుంచి?" అని ఉష నన్నే అడిగింది. "ఏడుస్తున్నావేంటి?"

లక్ష్మక్క చెప్పుకొచ్చింది: "బిడ్డ రెండు గంటలు గడప మీద కూసున్నది. నాకు పానం ఒప్పలె. రా బిడ్డా అని బస్సెక్కించిన. చార్మినార్ సూసినం, గాజులు కొన్నం, గోల్కొండ సుత ఎక్కినం. మస్తు మజా చేసినం."

"చెప్పి వెళ్ళొచ్చు కదే!"

"చీటీ పెట్టానుగా, తలుపు గడియకి. నీ ప్లాన్ కాగితం వెనక రాశాను. అదైతే నువ్వు తప్పకుండా చూస్తావని."

నేను చెత్తబుట్ట వైపు చూశాను. అక్కడి నుంచి ముగ్గురం బూత్‌కు పరుగెత్తాం. రాజమండ్రిలో ఇంటి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. పక్కింటికి చేస్తే ఆవిడ ఎత్తింది. "వాళ్ళు సుమో మాట్లాడుకుని గంట క్రితమే బయలుదేరారమ్మా. విజయవాడలో మావయ్యగార్ని ఎక్కించుకుంటామన్నారు."

ఉష వెంటనే విజయవాడకు ఫోన్ చేసింది. "మావయ్యా, నేను బానే ఉన్నాను. నాన్న రాగానే చెప్పి వెనక్కి పంపెయ్." అటునుంచి సరేనన్నారు. గుండె కుదుటపడింది. ఆ రాత్రి నేను మొద్దులా నిద్రపోయాను.

పొద్దున్న ఆరింటికి సందులో హారన్ మోగింది. మంచులోంచి సుమో ఒకటి వచ్చి మా ఇంటి ముందు ఆగింది. అందులోంచి ఉష నాన్నగారు, అమ్మగారు, నాయనమ్మ, పిన్ని, పిన్ని కూతుళ్ళిద్దరు, విజయవాడ మావయ్య దిగారు. ఉష అమ్మగారు ఉష మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశారు. నాన్నగారి కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నేను తలదించుకుని ఆయన ముందుకు వెళ్ళాను.

"క్షమించండి బాబాయిగారూ. మావయ్యగారు మీకు చెప్పలేదాండీ?"

"చెప్పాడమ్మా. విజయవాడ దాకా ఎలా వచ్చామో మాకే తెలీదు. చెప్పాక ప్రాణం లేచొచ్చింది," అన్నారాయన. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని, కొంచెం సిగ్గుపడుతూ అన్నారు: "సగం దూరం వచ్చేశాం, సుమో ఉంది, మా అమ్మ కూడా ఎప్పుడూ చార్మినార్ చూడలేదు. వెనక్కి వెళ్ళడం దేనికనీ..."

లక్ష్మక్క అందరికీ ఉప్మా చేసింది. తొమ్మిదింటికల్లా బయలుదేరాం. ముందు సీట్లో ఉష. డ్రైవరుకు దారి చెప్పడం ఉష, ఎక్కడ ఆపాలో చెప్పడం ఉష, గాజుల కొట్టులో బేరం ఉష. ఒక్క గంటలో అందరికీ గాజులు, పాన్‌లు అయిపోయాయి. ఎవరి చేతిలోనూ కాగితం లేదు. నేను అందరి వెనక నాయనమ్మ సంచి, పిన్నిగారి ఫ్లాస్కు మోస్తూ నడుస్తున్నాను.

అలా నడుస్తూ తలెత్తితే ఎదురుగా చార్మినార్. క్యాలెండర్లో ఉన్నంత చిన్నది కాదు. డిసెంబరు ఎండ పడి గోడలు వెచ్చగా మెరుస్తున్నాయి, పావురాలు గుంపుగా లేస్తున్నాయి. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ మూడు రోజుల్లో నేను కదలకుండా నిలబడింది అప్పుడే.

విజయవాడ మావయ్య నా పక్కన ఆగారు. పొద్దుటి గోలలో నా క్షమాపణ ఆయన చెవిన పడలేదు కాబోలు, ఫోన్ చేసి ఇంతమందినీ పరుగెత్తించిన మహాతల్లి నేనేనని ఆయనకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. నన్ను జాలిగా చూసి అడిగారు: "ఏమ్మా, నువ్వు ఈ ఊరికి కొత్తా?"

"అవునండీ," అన్నాను. "మూడేళ్ళే అయింది."

ఆ క్షణాన, పావురాలన్నీ నా నెత్తి మీద తిరుగుతుండగా, ఫ్లాస్కు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇకమీదట నా ఇంటికి చుట్టాలొస్తే తలుపు తీస్తాను, కాఫీ ఇస్తాను, వాళ్ళు ఎటు నడిస్తే అటు వెనకే నడుస్తాను. దారి మాత్రం చచ్చినా చూపించను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాను. మా ఇంటికొచ్చిన వాళ్ళెవరూ ఇంతవరకు తప్పిపోలేదు.